జీతం మీద పెట్టుకోవాలా, గుత్తకివ్వాలా? చిన్న రియల్ ఎస్టేట్ వ్యాపారంలో మనుషుల్ని ఎలా తీసుకోవాలి

స్థలం కొనేముందు మనం దాని మీద తాకట్లు, పాత లావాదేవీలు చూపే ఈసీ తీయిస్తాం, రెవెన్యూ రికార్డు అడంగల్ చూస్తాం, రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22-ఏ జాబితాలో ఉందేమోనని రెండుసార్లు వెతుకుతాం, సర్వేయర్‌ని పిలిచి హద్దు రాళ్లు పాతిస్తాం. అదే స్థలంలో పని చేయించడానికి మనిషిని పెట్టుకునేటప్పుడు మాత్రం "మన ఊరివాడే, నమ్మకస్తుడు" అన్న మాటతో సరిపెట్టుకుంటాం. నెల జీతమా, గుత్తా, కమీషనా అన్నది కూడా తేల్చుకోం. నేను విజయనగరంలో తొమ్మిదేళ్లుగా పాత ఇళ్లు కొని బాగుచేయిస్తున్నాను. కొన్ని అమ్ముతాను, కొన్ని అద్దెకిస్తాను. ఇన్నేళ్లలో నాకు భూమి తెచ్చిపెట్టిన నష్టం కొంచెమే. మనుషుల్ని ఎలా తీసుకోవాలో తెలియక పోగొట్టుకున్నదే ఎక్కువ.

భోగాపురం విమానాశ్రయం పనులు మొదలయ్యాక డెంకాడ, పూసపాటిరేగ, రణస్థలం వైపు చాలామంది ఈ వ్యాపారంలోకి వచ్చారు. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, జీడిపప్పు వ్యాపారం చేసుకునే పలాస వాళ్లు, దుబాయ్ నుంచి తిరిగొచ్చిన వాళ్లు. ఇద్దరు ముగ్గురు మనుషులతో వ్యాపారం నడుపుకునే ఇలాంటి వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. పెద్ద బిల్డర్లకు సొంత ఆడిటర్లు, లాయర్లు ఉంటారు.

ముందు ఏడాది పనుల్ని కాగితం మీద పెట్టండి

మనిషిని వెతకడం తర్వాత. ముందు ఒక తెల్ల కాగితం తీసుకుని, ఏడాది పొడుగునా మీ వ్యాపారంలో ఉండే పనులన్నీ రాయండి. అద్దెలు వసూలు చేయడం, ఖాళీ అయిన ఇల్లు చూపించడం, కుళాయి పాడైందని ఫోనొస్తే ప్లంబర్‌ని పంపడం, మున్సిపాలిటీలో ఇంటిపన్ను కట్టడం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరగడం, సిమెంటు దింపించడం, గోడ కట్టడం, సున్నం వేయడం, లెక్కలు రాయడం, కొనేవాళ్లని తీసుకురావడం. ఒక్కోదాని పక్కన ఏడాదిలో ఎన్ని రోజుల పని ఉంటుందో వేయండి. అంచనాగానైనా సరే.

తర్వాత ఆ పని కొలతకు వస్తుందా రాదా అన్నది చూడండి. గోడ కట్టుని చదరపు అడుగుల్లో కొలవవచ్చు, శ్లాబు ఎప్పుడైపోయిందో చెప్పవచ్చు. ఇలాంటివి గుత్తకు బాగుంటాయి. అద్దెదారులతో మాట్లాడే పని ఇవాళ్టితో అయిపోయేది కాదు, కొలవడానికీ ఏమీ ఉండదు. పైగా మీ ఇళ్ల తాళాలు, అగ్రిమెంట్లు, పాతికమంది ఫోన్ నంబర్లు ఆ మనిషి చేతిలోనే ఉంటాయి. అది జీతం మీద ఉండాల్సిన మనిషి పని. లెక్కలు రాసే పని చిన్న వ్యాపారానికి నెలలో మూడు నాలుగు రోజులకు మించదు కాబట్టి, బయటి అకౌంటెంటుకి నెలకింత అని ఇచ్చినా సరిపోతుంది.

నేను మొదట్లో దీన్ని తిరగేసి చేశాను. తాపీమేస్త్రిని నెల జీతానికి పెట్టుకున్నాను, అద్దెలు చూసే కుర్రాణ్ని "కాంట్రాక్టు" అన్నాను. మేస్త్రికి ఏడాదిలో ఐదు నెలలు పనే చూపించలేకపోయాను. ఆ కుర్రాడి సంగతి చివర్లో చెబుతాను.

పేరు ఏం పెట్టినా, పని ఎలా చేయిస్తున్నారో చూస్తారు

చాలామంది పొరబడేది ఇక్కడే. వోచర్ మీద "కాంట్రాక్టు ఫీజు" అని రాసి సంతకం పెట్టించుకుంటే ఆ మనిషి ఉద్యోగి కాకుండా పోతాడని అనుకుంటారు. చట్టం అలా చూడదు.

మన ఉమ్మడి రాష్ట్రంలోనే పుట్టి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక కేసు ఉంది. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ అనే దుకాణంలో దర్జీలకు నెల జీతం లేదు. కుట్టిన బట్టకు ఇంత అని ఇచ్చేవారు. వచ్చే వేళ, పోయే వేళ కచ్చితంగా ఉండేవి కావు. వాళ్లు మా ఉద్యోగులు కాదని దుకాణం వాదించింది. 1973లో సుప్రీంకోర్టు ఆ మాట ఒప్పుకోలేదు. కుట్టుమిషన్లు దుకాణానివి, పని దుకాణంలోనే జరుగుతోంది, కుట్టు నచ్చకపోతే విప్పి మళ్లీ కుట్టమనే అధికారం యజమానిది. ఇవన్నీ చూసి వాళ్లని ఉద్యోగులుగానే లెక్కగట్టింది. పీసు రేటు ఇచ్చినంత మాత్రాన గుత్తేదారు అయిపోరని తేలింది.

కాబట్టి మీ దగ్గర పనిచేసే ఒక్కో మనిషి గురించీ ఈ ప్రశ్నలు వేసుకోండి. ఎప్పుడు రావాలో, ఎలా చేయాలో మీరు చెబుతున్నారా, ఆయన చూసుకుంటున్నారా? పనిముట్లు ఎవరివి? ఆయన ఇంకో నలుగురికి కూడా పనిచేస్తున్నారా, మీ ఒక్కరి దగ్గరే ఉన్నారా? తాను రాలేని రోజు తన బదులు ఇంకొకర్ని పంపగలరా? పని చెడితే తన ఖర్చుతో బాగుచేయాలా? లాభం, నష్టం ఎవరివి?

సొంత పరంజా కర్రలు, సెంట్రింగ్ సామాను, తన కుర్రాళ్లతో వచ్చి, ఇదే నెలలో కంటోన్మెంటులో ఇంకో ఇల్లు కూడా చూసుకుంటున్న మేస్త్రి నిజంగా గుత్తేదారే. రోజూ తొమ్మిదింటికి మీ ఆఫీసుకొచ్చి, మీ బండి మీద తిరిగి, సెలవు కావాలంటే మిమ్మల్ని అడిగే మనిషి ఉద్యోగే. మీ మధ్య ఏ కాగితం ఉన్నా అంతే.

ఇప్పుడు ఖర్చు లెక్క వేయండి

సైట్ సూపర్‌వైజర్ని తీసుకుందాం. డిప్లొమా సివిల్ చదివిన కుర్రాడికి నెలకు 18,000 ఇస్తున్నారని అనుకుందాం. ఏడాదికి 2,16,000. దసరాకో, పైడితల్లి అమ్మవారి పండక్కో ఒక నెల జీతం బోనస్‌గా ఇస్తే ఇంకో 18,000. పెట్రోలు, ఫోను కలిపి నెలకు 2,500 చొప్పున 30,000. మొత్తం 2,64,000.

అదే పనిని బయటి ఇంజనీరుతో చేయిస్తే, సైటుకి వచ్చినందుకు వెయ్యి రూపాయలు అనుకోండి. ఒక పాత ఇల్లు బాగుచేయడానికి 20 వారాలు పడుతుంది, వారానికి మూడుసార్లు వస్తారు. ఇంటికి 60,000. అంటే ఏడాదిలో నాలుగు ఇళ్ల వరకు బయటి మనిషి చవక. ఐదో ఇంటికి వచ్చేసరికి జీతం మనిషే చవక. మీ ఊరి రేట్లు వేసి మీ లెక్క మీరు చేసుకోండి, కానీ చేయకుండా మాత్రం నిర్ణయం తీసుకోవద్దు. ఏడాదికి రెండు ఇళ్లు చేసేవాళ్లు సూపర్‌వైజర్ని పెట్టుకుని, అతనికి పని కల్పించడం కోసం తొందరపడి మూడో ఇల్లు కొనడం నేను చూశాను. మంచి కుర్రాడు ఖాళీగా కూర్చుంటున్నాడని ఇల్లు కొనకూడదు.

ఈ లెక్కలో తలల సంఖ్య కూడా చూసుకోవాలి. పది మంది చేరాక ఒక రకం, ఇరవై చేరాక ఇంకో రకం. పది మంది లేదా అంతకు మించి ఉంటే ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా, వస్తుంది. నెలకు 21,000 వరకు జీతం ఉన్నవాళ్లకు యజమాని 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం కడతారు. మనిషి మానేసేటప్పుడు ఇవ్వాల్సిన గ్రాట్యుటీ కూడా పది మందితోనే మొదలవుతుంది. ఐదేళ్లు చేసిన మనిషికి ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున, నెలను 26 రోజులుగా లెక్కగట్టి ఇవ్వాలి. పైన చెప్పిన 18,000 జీతానికి అది ఏడాదికి 10,384 రూపాయలు. ఇరవై మంది అయితే పీఎఫ్, బోనస్ చట్టాలు వర్తిస్తాయి. పీఎఫ్‌కి ఇద్దరూ చెరో 12 శాతం, బోనస్ కనీసం 8.33 శాతం. ఒకసారి పీఎఫ్ కిందికి వచ్చిన సంస్థ తర్వాత మనుషుల్ని తగ్గించుకున్నా బయటపడదు. ఇంకో సంగతి గుర్తుంచుకోండి. మీ పని మీద కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాళ్లని కూడా పీఎఫ్ లెక్కలో కలుపుతారు. మీ ఆఫీసులో ముగ్గురే ఉండొచ్చు, సైట్లో మేస్త్రి మనుషులు పద్దెనిమిది మంది ఉండొచ్చు.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం, గడువు పెట్టి తీసుకున్న ఉద్యోగికి ఏడాది పూర్తయినా గ్రాట్యుటీ లెక్కకు వస్తుంది. "పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకుని మళ్లీ మళ్లీ పొడిగిద్దాం" అనుకునేవాళ్లు ముందు ఆడిటర్ని ఒక మాట అడగండి.

జీతం మనిషిని తీసుకునేటప్పుడు

నియామక పత్రం ఇవ్వండి. ఒక్క పేజీ చాలు, తెలుగులోనే రాయండి. ఏం పని, జీతం ఎంత, ఏ తేదీకి పడుతుంది, వారంలో సెలవు ఏ రోజు, ఏడాదిలో సెలవులు ఎన్ని, పెట్రోలు లెక్క ఎలా, మానేయాలన్నా మాన్పించాలన్నా ఎన్ని రోజుల ముందు చెప్పాలి. మొదటి మూడు నెలలు చూసుకునే కాలం అని అందులోనే రాయండి. జీతం బ్యాంకు ఖాతాలోనే వేయండి. నెలకు 15,000 దాటితే వృత్తి పన్ను ఉంటుంది, 20,000 వరకు 150 రూపాయలు, ఆ పైన 200. జీతంలోంచి పట్టుకుని మీరు కట్టాలి. ఆఫీసు తెరిచారంటే దుకాణాలు, సంస్థల చట్టం కింద నమోదు అవసరమో కాదో కార్మిక శాఖలో అడగండి.

వ్యాపారం పేరు మీద ఒక సిమ్ తీసుకుని ఆ మనిషికి ఇవ్వండి. అద్దెదారులు, ప్లంబర్లు, కొనేవాళ్లు అందరూ ఆ నంబరుకే చేయాలి. ఖర్చు నెలకు రెండు మూడు వందలు. అగ్రిమెంట్ల ఫోటోలు, తాళాల జాబితా మీ దగ్గర కూడా ఒక ప్రతి ఉండాలి. డబ్బు విషయంలో, అద్దెలు నేరుగా మీ ఖాతాకే రావాలి. వసూలు చేసే మనిషి గుర్తుచేయాలి, రాసుకోవాలి, కానీ నోట్లు చేతిలో పట్టుకునే పరిస్థితి రానివ్వకండి. ఇది అనుమానంతో చెప్పడం లేదు. చేతిలో డబ్బు లేని మనిషి మీద నింద రాదు, అది ఆ కుర్రాడికీ మంచిదే.

బంధువుల సంగతి అడుగుతారు. బావమరిదిని పెట్టుకోవచ్చా అని. పెట్టుకోండి, కానీ అదే కాగితం ఆయనకీ ఇవ్వండి. కాగితం లేకుండా ఇంటివాళ్లని పెట్టుకున్నచోట గొడవ ఆఫీసులో ఆగదు, ఇంటి పండగలదాకా వస్తుంది.

మేస్త్రికి గుత్తకిచ్చేటప్పుడు

దీనిమీద ఎక్కువ రాస్తాను. ఎందుకంటే నేను ఎక్కువ నష్టపోయింది, ఎక్కువ బాధపడింది ఇక్కడే.

కోటకి దగ్గర్లో ఒక పాత డాబా ఇల్లు కొన్నాను. మేస్త్రితో లేబర్ గుత్త మాట్లాడుకున్నాం. సామాను నాది, పని ఆయనది. కాగితం రాద్దామంటే "మనకెందుకు బాబూ కాగితాలు, మా కుర్రోళ్ల సంగతి నేను చూసుకుంటాను" అన్నారు. నేనూ సరే అన్నాను. రెండో నెలలో పరంజా విరిగి ఒక కుర్రాడు పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్డు వేయాలన్నారు. మేస్త్రి మంచివాడే, అబద్ధమూ ఆడలేదు. ఆయన దగ్గర డబ్బు లేదు, అంతే. ఆస్పత్రి ఖర్చు, నాలుగు నెలల కూలి నేను పెట్టుకున్నాను. పెట్టుకోవాల్సిందే కూడా. ఆ కుర్రాడు పనిచేస్తున్నది నా గోడ మీద.

చట్టమూ అదే చెబుతుంది. మీ వ్యాపార పనిలో కాంట్రాక్టరు తెచ్చిన కార్మికుడికి ప్రమాదం జరిగితే పరిహారం మిమ్మల్నే అడగవచ్చు. మీరు కట్టి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలి. పరిహారం ఎంత ఉంటుందో ఒకసారి చూడండి. ముప్పై ఏళ్ల మనిషి చనిపోతే, నెల కూలి 15,000గా తీసుకుని అందులో సగాన్ని ఆ వయసుకి నిర్ణయించిన 207.98తో హెచ్చిస్తారు. 15,59,850 రూపాయలు అవుతుంది. చిన్న వ్యాపారి ఒక ఇంటి మీద సంపాదించే లాభం కన్నా అది ఎక్కువ. కూలి డబ్బు కాంట్రాక్టరు ఎగ్గొట్టినా పనివాళ్లకు మీరే జవాబుదారీ. గుత్తకిస్తే పని అప్పగించినట్టే కానీ, ఆ పని చేసే ప్రాణాల పూచీ మీ దగ్గరే ఉంటుంది.

అందుకే ఇప్పుడు నేను ఈ వరసలో వెళ్తాను. పని మొదలుపెట్టే ముందు సాధారణ బీమా కంపెనీ దగ్గర కార్మిక పరిహారం పాలసీ తీసుకుంటాను. కాంట్రాక్టరు మనుషులు కూడా అందులో ఉన్నారని పాలసీలో రాయించుకుంటాను. అది రాయించకపోతే అవసరమైనప్పుడు పాలసీ ఉండీ లేనట్టే. సైటు మీదకు వచ్చే ప్రతి మనిషికీ బ్యాంకు ఖాతా ద్వారా ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందో లేదో అడుగుతాను. ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకి, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. లేనివాళ్లకి నేనే కట్టిస్తాను. గడిచిన ఏడాదిలో 90 రోజులు భవన నిర్మాణ పనిచేసిన, 18 నుంచి 60 ఏళ్ల లోపు వాళ్లు కార్మిక సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. బిల్డర్లు ప్లాను సమయంలో కట్టే ఒక శాతం సెస్సు చేరేది ఆ బోర్డుకే. ఆ డబ్బు వాళ్ల కోసమే ఉందని వాళ్లలో చాలామందికి తెలియదు. చెప్పండి. సైటులో హెల్మెట్లు, నడుముకి బెల్టులు మీ ఖర్చుతో పెట్టండి. వాళ్లు పెట్టుకోకపోతే పని ఆపించండి.

తర్వాత కాగితం. మేస్త్రి భయపడేలా పది పేజీల స్టాంపు పేపరు వద్దు. రెండు పేజీలు, తెలుగులో, చదివి వినిపించి, ఆయన సంతకం, ఒక సాక్షి సంతకం. అందులో ముఖ్యంగా ఉండాల్సింది పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందన్నది. "ఇల్లు బాగుచేయడం" అని రాయకండి. ఏ గదుల్లో పాత ప్లాస్టరింగు కొట్టేయాలి, చెత్త ఎవరు ఎత్తించాలి, క్యూరింగుకి నీళ్లు ఎవరు పట్టాలి, కరెంటు బిల్లు ఎవరిది, సామాను పోతే ఎవరిది. గొడవలు వచ్చేది గోడల దగ్గర కాదు, చెత్త దగ్గర, నీళ్ల దగ్గర వస్తాయి. రేటు చదరపు అడుగుకైతే కొలత ఎలా తీస్తారో కూడా రాయండి. తలుపులు, కిటికీల జాగా తీసేసి కొలుస్తారా, కలిపి కొలుస్తారా అన్నది ముందే అనుకోకపోతే చివరి బిల్లు రోజున మాట పెరుగుతుంది.

డబ్బు మెట్లుమెట్లుగా ఇవ్వండి. నేను అడ్వాన్సుగా పది శాతం ఇస్తాను. తర్వాత అయిన పని కొలిచి శనివారం శనివారం ఇస్తాను. కొలతలన్నీ ఒక పుస్తకంలో ఇద్దరం సంతకం పెట్టుకుంటాం. చివర్లో ఐదు శాతం ఆపుతాను. ఆ ఐదు శాతం ఎప్పుడు ఇవ్వాలన్నది మన జిల్లాల వాళ్లు సులువుగా తేల్చుకోవచ్చు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరులోనే వచ్చాయి. శ్లాబు లీకేజీ, గోడ చెమ్మ ఆ గాలివానకే బయటపడతాయి. అందుకే పైకప్పు పని చేసిన మేస్త్రికి ఆపిన డబ్బు దీపావళి దాటాక ఇస్తానని ముందే చెప్పి రాసుకుంటాను. ఆ మాట తప్పను కూడా. చెప్పిన రోజున ఇచ్చే యజమానికి మంచి మేస్త్రులు దొరుకుతారు.

గడువు పెట్టేటప్పుడు మన ఊళ్ల క్యాలెండర్ చూసుకోండి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి తాపీ పనివాళ్లు, రాడ్‌బెండర్లు ఎంతమంది హైదరాబాదు, చెన్నై, విశాఖ వెళ్లిపోతారో మనకు తెలుసు. ఇక్కడున్న వాళ్లలోనూ చాలామందికి కొంచెం పొలం ఉంటుంది. వరి ఊడుపులప్పుడు, కోతలప్పుడు సైటుకి రారు. సంక్రాంతికి ముందు వారం, తర్వాత వారం పని సాగదు. ఆలస్యమైతే రోజుకింత కోత అని రాసుకుని, గడువు జనవరి 20 అని పెడితే అది న్యాయం కాదు. ఎలాగూ వసూలు కూడా కాదు.

కొత్త అపార్టుమెంటు కడుతున్నవాళ్లకి ఇంకో జాగ్రత్త ఉంది. రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం ప్రకారం, ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు కట్టడంలో లోపం కనబడితే ప్రమోటరు, అంటే కట్టి అమ్మినవారు, 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. కొన్నవాళ్లకి మీ కాంట్రాక్టరుతో పని లేదు, వాళ్లు మీ దగ్గరికే వస్తారు. కాబట్టి మీ కాంట్రాక్టరు దగ్గర కూడా ఐదేళ్ల పూచీ రాయించుకోండి. ఆరు నెలల పూచీతో సరిపెట్టుకుంటే మిగతా నాలుగున్నరేళ్లు మీ జేబులోంచే.

ఏజెంట్లు

కొనేవాళ్లని తెచ్చే మనిషికి జీతం పెట్టడం చిన్న వ్యాపారంలో దాదాపు ఎప్పుడూ కలిసిరాదు. అమ్మకం అయినప్పుడు కమీషన్ ఇవ్వండి. ఎంత శాతం, ఎప్పుడు ఇస్తారన్నది ముందే వాట్సాప్‌లోనైనా రాసుకోండి. నేను రిజిస్ట్రేషన్ అయిన రోజునే ఇస్తాను, అడ్వాన్సు రోజున ఇవ్వను. ఇద్దరు ఏజెంట్లు ఒకే మనిషిని తెచ్చారని వాదులాడుకోవడం మామూలే కాబట్టి, ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ల పేరు, తేదీ, తెచ్చినవారు ఎవరన్నది పుస్తకంలో రాసి పెట్టండి.

500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో లేఅవుట్ గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లు గానీ వేసి అమ్ముతుంటే ప్రాజెక్టుకి రెరా నంబరు ఉండాలి, దాన్ని అమ్మిపెట్టే ఏజెంటుకీ ఉండాలి. నంబరు లేని ఏజెంటుకి రోజుకి 10,000 రూపాయల చొప్పున జరిమానా పడవచ్చు. సుడా, బుడా, వీఎంఆర్‌డీఏ లాంటి పట్టణాభివృద్ధి సంస్థల ఆమోదం వేరు, రెరా వేరు. ఒకటుంటే రెండోది అక్కర్లేదని చెప్పే ఏజెంటుని అక్కడే ఆపేయండి. టోకెన్ డబ్బు ఏజెంటు తన చేతికి తీసుకోకూడదని కచ్చితంగా చెప్పండి. ఆస్తి అమ్మకం తాలూకు 20,000 లేదా అంతకు మించిన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం.

పన్ను కోత

మీరు వ్యక్తిగా వ్యాపారం చేస్తూ ఉంటే, ముందటి ఏడాది టర్నోవరు కోటి దాటినప్పుడే టీడీఎస్ బాధ్యత, అంటే ఇచ్చే డబ్బులోంచి పన్ను కోసి ప్రభుత్వానికి కట్టే బాధ్యత, వస్తుంది. భాగస్వామ్య సంస్థకీ, కంపెనీకీ మొదటి రోజు నుంచే ఉంటుంది. మేస్త్రికి ఒక బిల్లు 30,000 దాటినా, ఏడాది మొత్తం లక్ష దాటినా ఒక శాతం. మేస్త్రి వ్యక్తి కాకుండా సంస్థ అయితే రెండు. ఏజెంటు కమీషన్ ఏడాదికి 20,000 దాటితే రెండు శాతం. లాయరు, ఆర్కిటెక్టు లాంటివాళ్ల ఫీజు 50,000 దాటితే పది శాతం. పాన్ నంబరు ఇవ్వకపోతే ఇరవై శాతం కోయాలి. అందుకే పని మాట్లాడిన రోజునే పాన్ కార్డు ఫోటో తీసుకోండి, పని అయ్యాక అడిగితే టెన్షన్. ఒక మనిషికి ఒక రోజులో 10,000 దాటి నగదుగా ఇస్తే ఆ ఖర్చుని పన్ను లెక్కలో ఒప్పుకోరు. శనివారం కూళ్లకి మేస్త్రి చేతిలో 40,000 నోట్లు పెట్టే అలవాటు ఉన్నవాళ్లు ఇది గమనించాలి.

గుత్త నుంచి జీతానికి, జీతం నుంచి బయటికి

ఇక ఆ కుర్రాడి సంగతి. నాలుగేళ్లు మా ఇళ్ల అద్దెలు చూశాడు. నెలనెలా వోచర్ మీద డబ్బిచ్చాను, కాంట్రాక్టు అన్నాను. సెలవులు లేవు, నియామక పత్రం లేదు, పండక్కి ఏదో ఇచ్చేవాణ్ని. విశాఖలో మంచి ఉద్యోగం వస్తే వారంలో వెళ్లిపోయాడు. తప్పు అతనిది కాదు, నెల రోజుల ముందు చెప్పాలని నేను ఎప్పుడూ రాసివ్వలేదు. అద్దెదారుల నంబర్లన్నీ అతని సొంత ఫోనులో ఉన్నాయి. ఇద్దరి అడ్వాన్సు ఎంతో నా దగ్గర రాత లేదు, వాళ్లు చెప్పినంత తిరిగి ఇచ్చాను. అంతకన్నా బాధపెట్టింది ఇంకోటి. ఆ కుర్రాడికి బ్యాంకు లోను కోసం జీతం సర్టిఫికెట్ కావాల్సి వస్తే నేను ఇవ్వలేకపోయాను. నాలుగేళ్లు నా దగ్గర చేసి, చూపించుకోవడానికి ఒక్క కాగితం లేకుండా వెళ్లాడు.

మీ దగ్గర ఇలా "కాంట్రాక్టు" పేరుతో రోజూ వచ్చే మనిషి ఉంటే ఈ నెలలోనే జీతంలోకి మార్చండి. ఒక రోజు కూర్చోబెట్టి, ఇన్నాళ్లు ఇచ్చిన మొత్తమెంత, ఇకముందు జీతమెంత, ఎప్పటినుంచి పనిచేస్తున్నట్టు లెక్క అన్నది మాట్లాడండి. పాత సర్వీసుని తుడిచేసి కొత్త తేదీ వేయకండి. మొదట వచ్చిన తేదీనే పత్రంలో రాయండి.

ఎవరైనా మానేసేటప్పుడు, ఉద్యోగి అయినా గుత్తేదారు అయినా, ఒక పూట కేటాయించండి. తాళాలు జాబితా చూసి తీసుకోండి. ఆఫీసు సిమ్, బ్యాంకు కాగితాలు, అగ్రిమెంటు ప్రతులు, దుకాణాల్లో మీ పేరు మీద ఉన్న సిమెంటు, ఇనుము బాకీలు సరిచూడండి. హార్డ్‌వేర్ షాపుకి ఫోన్ చేసి, ఇకమీదట ఫలానా వారి మాట మీద సరుకు ఇవ్వొద్దని చెప్పండి. అద్దెదారులందరికీ కొత్త మనిషి పేరు మెసేజ్ పెట్టండి. రావాల్సిన డబ్బు లెక్కగట్టి అదే రోజు ఖాతాలో వేయండి. అనుభవ పత్రం సంతకం పెట్టి చేతికివ్వండి.